జీడివలసలో వెలసిన ఆఫ్రికా

జీడివలసకు ఆఫ్రికా మొదట తపాలాలో వచ్చింది. మూడు పేజీల సర్క్యులర్, వెనక ఒక అనుబంధం. విదేశీ అతిథి మర్యాదల విభాగం అని ఒకటుందని ఊళ్లో చాలామందికి ఆ రోజే తెలిసింది.

"ప్రతి విదేశీ అతిథియు తన స్వగృహమున ఉన్నట్లే భావించవలెను. తదర్థము అతిథి స్వదేశ వాతావరణమును స్థానిక యంత్రాంగము కల్పించవలెను. కల్పనలో లోపము జరిగినచో సంబంధిత అధికారి వ్యక్తిగతముగా బాధ్యుడగును."

రాబోయే అతిథులు టాంజానియా నుంచి ఆరుగురు, అక్కడి జీడిరైతుల సంఘం వాళ్లు. జీడివలసకు వాళ్లతో చాలా పనుంది. ఊరి చుట్టూ ఉన్న తోటల పిక్కలు ఫ్యాక్టరీలకు నాలుగు నెలలకు మించి రావు. మిగతా ఏడాదంతా ఓడ మీద ఆఫ్రికా పిక్కలు దిగాలి, వాటిని ఉడికించి, కొట్టి, పొట్టు తీసి పప్పు చెయ్యాలి. ఆ ఏడాది మధ్యవర్తుల తగువులో ఓడ రాలేదు. రెండు నెలలుగా బాయిలర్లు చల్లారి ఉన్నాయి. పప్పు తీసే ఆడవాళ్లు మూడు వేల మంది ఇళ్లల్లో కూర్చున్నారు. వచ్చే ఆరుగురూ సంతకం పెడితే ఇకమీదట పిక్కలు నేరుగా వస్తాయి. పెట్టకపోతే రావు.

అలా ఇంట్లో కూర్చున్న వాళ్లలో చామంతి ఒకత్తె. ఆమె మొగుడు దండాసి. ఈ కథ అతనిది.

దండాసి ఇరవై ఏళ్ల వయసులో మద్రాసు పారిపోయి, పద్దెనిమిదేళ్లు సినిమాల్లో పనిచేసి తిరిగి వచ్చినవాడు. హీరో కాలేదు, హీరో స్నేహితుడూ కాలేదు. అడవి సినిమాల్లో అడవి మనిషి అయ్యాడు. ఆ రోజుల్లో అలాంటి సినిమాలు తెగ వచ్చేవి. తెల్లటి టోపీ పెట్టుకుని తుపాకీతో ఒక దొర ఆఫ్రికా వెళతాడు, ఆయనకో అమ్మాయి, ఒక నిధి, ఒక ఏనుగుల మంద. మధ్యలో ఈటెలు పట్టుకుని పొదల్లోంచి దూకి, అమ్మాయిని గుంజకు కట్టి, దొరను గుండిగలో కూర్చోబెట్టి మంట వేసే జనం కావాలి. ఆ జనంలో ముందు వరసలో ఎడమ నుంచి రెండోవాడు దండాసి. ఇరవై మూడు సినిమాల్లో దొర తుపాకీకి చచ్చాడు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. బస్టాండు పక్కన సైకిళ్లకు గాలి కొడుతుంటాడు.

సర్క్యులర్ అందిన మర్నాడే స్వాగత సన్నాహక సంఘం కూర్చుంది. దానికి ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు. జీవితంలో ఒక్క ఫైలు కూడా వెనక్కి పంపని మనిషి అని పేరు. ముందుకి పంపాడని కూడా ఎవరూ అనలేదు. సభ్యులు తొమ్మిది మంది. ఆ సమావేశంలో జరిగింది దండాసికి తరవాత కృష్ణమూర్తి చెప్పాడు. పొట్నూరు కృష్ణమూర్తి జీడి వర్తకుల సంఘం కార్యదర్శి. పిక్కలు కొనేవాడు కాబట్టి ఆయన్నీ సభ్యుడిగా వేసుకున్నారు.

"ఆఫ్రికా వాతావరణమనగా ఏమి?" అని త్రివిక్రమరావు గారు చర్చ ప్రారంభించారు.

ఎవరికీ సందేహం కలగలేదు. తొమ్మిది మందిలో ఎనిమిది మంది చిన్నప్పుడు బెంచీ టిక్కెట్టు మీద ఆఫ్రికా చూసినవాళ్లే. గుడిసెలుంటాయన్నారు ఒకరు. డప్పులు మోగుతూనే ఉంటాయన్నారు ఇంకొకరు. వ్యవసాయ విస్తరణాధికారి కళ్లు మూసుకుని గుండిగను వర్ణించారు. ఊబి మరిచిపోవద్దని మున్సిపల్ ఇంజనీరు హెచ్చరించారు. ఊబి కోసం కొత్తగా తవ్వనవసరం లేదని, మార్కెట్ యార్డు వెనక వానాకాలంలో తమ శాఖ వేసిన రోడ్డు ఉన్నదని సవినయంగా గుర్తుచేశారు.

కృష్ణమూర్తి చెయ్యెత్తాడు. "వారం వారం నేను వాళ్లతో ఫోన్లో మాట్లాడతానండి. వాళ్ల నాయకురాలు ఒకావిడ. ఆవిడకి రైతుల సంఘం ఉంది, గోదాములున్నాయి, ఇద్దరు పిల్లలు కాలేజీలో చదువుతున్నారు. మామూలు మనుషులండి."

త్రివిక్రమరావు గారు ఓపిగ్గా నవ్వారు. "మీకున్నది వాణిజ్య పరిచయం. మనకు కావలసింది సాంస్కృతిక పరిచయం. రెండింటినీ కలగాపులగం చేయరాదు."

మినిట్స్‌లో ఇలా రాసుకున్నారు: "ఆఫ్రికా యనగా దట్టమైన అడవి, మధ్య మధ్య గుడిసెలు, ఒక గుండిగ. కార్యదర్శి వ్యక్తపరచిన భిన్నాభిప్రాయమునకు ఆధారము లేనందున త్రోసిపుచ్చడమైనది."

ఇక కావలసింది నిపుణుడు. అప్పుడే ఎవరో అన్నారు, బస్టాండు దగ్గర ఒకాయన పద్దెనిమిదేళ్లు ఆఫ్రికాలో ఉన్నాడని.

*

జీపు వచ్చి ఆగేసరికి దండాసి ఒక స్కూలు మాస్టారి సైకిలుకు పంక్చరు వేస్తున్నాడు. చేతులు తుడుచుకునే లోపే ఎక్కించుకుని తీసుకెళ్లారు. సంఘం వారు అర్ధచంద్రాకారంలో కూర్చుని ఉన్నారు. మధ్యలో అతనికి కుర్చీ. అంత మంది ఆఫీసర్ల మధ్య కుర్చీలో కూర్చోవడం దండాసికి అదే మొదటిసారి. అంచు మీద కూర్చున్నాడు.

"ఆఫ్రికాలో మీరు ఏ ప్రాంతమున ఉండేవారు?" అని అడిగారు త్రివిక్రమరావు గారు.

"మద్రాసుకి ఇరవై మైళ్లండి. ఓ మామిడితోట. మామిడాకులు కనపడకుండా పైన ఈతాకులు కట్టీవోరు."

"వేషధారణ?"

"ఆముదంలో బొగ్గు కలిపి రాసీవోరండి. నాకు మాత్రం ఎక్కువ రాసీవోరు కాదు, ఆదా అవుద్దని. నడుంకి ఆకులు. ఈటెకి కొసన సిగరెట్టు పెట్టెల్లో ఉంటది చూడండి, ఆ వెండికాయితం."

టైపిస్టు టకటకా కొడుతున్నాడు.

"వారి భాష?"

దండాసి తల గోక్కున్నాడు. "భాషంటే ఏటీ లేదు బాబూ. మీకు తోచింది అరవండ్రా అనీవోరు డైరెక్టరుగారు. అందరూ ఆ పూట తిట్టుకోవలసినోళ్లని తిట్టుకునీవోరు. నాకు ఇల్లు గేపకం వొచ్చీది. అందుకని మనూరి రైలు స్టేషన్లు వరసగా అరిచీవోణ్ణి."

"ఏదీ, ఒక్కసారి."

దండాసి లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లయినా గొంతు మరవలేదు. "సుమ్మాదేవీ, మందసా, బారువా. సోంపేటా, ఝాడుపూడీ, ఇచ్ఛాపురం, హూ."

విస్తరణాధికారి చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆయన చిన్నప్పుడు సరిగ్గా ఈ కేకే విని బెంచీ కింద దూరాడట.

"ఇదే," అన్నారు త్రివిక్రమరావు గారు మెల్లగా. "ఇదే స్వాగత వచనం."

"అది ఆఫ్రికా కాదు బాబూ," అన్నాడు దండాసి. "మాం ఆడిందంతా ఉత్తుత్తి. ఆ దేశమెలాగుంటాదో నాను ఎరగను. ఆఫ్రికా వోణ్ణి ఒక్కణ్ణీ సూణ్ణేదు."

"నిజమైన నిపుణులు ఎప్పుడూ ఇలాగే అంటారు," అని త్రివిక్రమరావు గారు సభ్యుల వైపు తిరిగి, అతన్ని ఆఫ్రికా సాంస్కృతిక సలహాదారుగా నియమించారు.

దండాసి ఇంటికొచ్చి పెళ్లానికి చెప్పాడు. తప్పుడు పనేమో అనిపిస్తోందన్నాడు. చామంతి బియ్యంలో రాళ్లు ఏరుతోంది, తల ఎత్తలేదు.

"ఆళొస్తే పిక్కలొస్తాయా, రావా?"

"వొస్తాయంటన్నారు."

"మరింకేటి. సినిమాలో సచ్చినప్పుడు ఒప్పూ తప్పూ సూసుకున్నావేటి. ఎల్లు."

*

అక్కణ్ణుంచి పనులు ఒకదాన్ని మించి ఒకటి సాగాయి. మార్కెట్ యార్డులో సిమెంటు గోదాములకు తాటాకులు కప్పి గుడిసెలు చేశారు. రెండు తుమ్మచెట్లు, ఒక మర్యాదైన కానుగచెట్టు ఉన్నచోట అడవి నిలబెట్టారు. సింహం కోసం అటవీ శాఖకు లేఖ వెళ్లింది. "ఒక రోజు అవసరార్థము ఒక సింహమును, వీలైనచో మగది, సమకూర్చగలరు" అని. దానికి అటవీ శాఖ వారు, "సింహము మా పరిధిలో లేదు. అడవిపంది ఒకటి సిద్ధముగానున్నది, తిరిగి అప్పగింత రసీదుపై పంపగలము" అని జవాబిచ్చారు. పంది ఆఫ్రికాదేనా అని తేల్చడానికి ఉపసంఘం వేశారు. అది తేల్చేలోపు మైకుసెట్టు వీరయ్య సింహం గర్జన క్యాసెట్టు తన దగ్గరుందని చెప్పడంతో పంది ప్రతిపాదన విరమించుకున్నారు.

జనం కావాలి. నలభై మంది సిబ్బందికి డ్యూటీ వేశారు. పొద్దున పదిన్నరకు వేలిముద్ర వేసి, పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఈటెలతో గెంతడం, రెండున్నర నుంచి అరవడం. దండాసి నేర్పేవాడు. నేర్పుతున్నంతసేపూ అతనికి సంతోషంగానే ఉండేది, ఆ మాట దాచడానికి వీల్లేదు. మద్రాసులో అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచి ఎరగరు. ఇక్కడ రెవెన్యూ ఇన్‌స్పెక్టరంతటివాడు వచ్చి, "దండాసిగారూ, ఇచ్ఛాపురం దగ్గర గెంతాలా, కూర్చోవాలా?" అని వినయంగా అడుగుతున్నాడు.

చిక్కు మసి దగ్గర వచ్చింది. మసి కడుక్కోవడానికి పూట సెలవు ఇవ్వాలని ఉద్యోగుల సంఘం కోరింది. మసి సెలవు ఆకస్మిక సెలవులోంచి పోతుందా, వేరా అని పై ఆఫీసుకు రాశారు. ఇంతలో మసి వాడకంలో దుబారా అరికట్టాలని త్రివిక్రమరావు గారు, మసి అవసరం లేని సిబ్బంది జాబితా తయారు చేయించి నోటీసు బోర్డులో అంటించారు. నలభై మందిలో ముప్పై ఒక్క పేర్లున్నాయి. ఆ రోజు ఆఫీసులో పని జరగలేదు. జాబితాలో ఉన్నవాళ్లు అన్యాయమన్నారు. సీనియర్ అసిస్టెంటు ఒకాయన, తన పెళ్లినాటి ఫోటో జతపరుస్తూ అప్పీలు పెట్టుకున్నాడు.

ఆ జాబితా ముందు దండాసి చాలాసేపు నిలబడ్డాడు. వరస అంకె లేకుండా అందరికన్నా పైన అతని పేరే ఉంది, సలహాదారు హోదాలో. మద్రాసులో మేకప్ మేస్త్రీ, "నీకక్కర్లేదు లేరా" అని ముందుకు తోసేసేవాడు. అందరూ నవ్వేవారు, అతనూ నవ్వేవాడు. ఆ నవ్వు ఎందుకు నవ్వాడో ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడూ ఎక్కువసేపు ఆలోచించలేదు, గెంతుల టైమైంది.

గుండిగ గుడి అన్నదానం కమిటీ ఇచ్చింది. అందులో ఎవరు కూర్చోవాలన్నదానికి సీనియారిటీ చూడబోతే అందరూ తమకన్నా జూనియర్లను చూపించారు. చివరికి ప్రొబేషన్‌లో ఉన్న జూనియర్ అసిస్టెంటు సుదర్శనానికి తప్పలేదు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలని, గుండిగలో గడిపిన కాలం సర్వీసు కింద లెక్కించాలని అతను రాతపూర్వకంగా అడిగాడు. మొదటిదానికి ఒప్పుకున్నారు.

*

అతిథులు పొద్దున పదింటికి దిగారు. నలుగురు మగవాళ్లు కోట్లు వేసుకున్నారు, ఒకాయన చేతిలో కాగితాల సంచి. ఇద్దరు ఆడవాళ్లు. ముందు నడుస్తున్నావిడ వాళ్ల నాయకురాలు, పేరు నీమా. యాభై అయిదేళ్లుంటాయి. పెద్ద పెద్ద పువ్వుల గౌను, మెడలో గొలుసుకు కళ్లజోడు, భుజాన తోలుసంచి. కృష్ణమూర్తి పక్కనే నడుస్తూ ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. పిక్కల్లో తేమ కొలిచే యంత్రం మీ దగ్గర ఏ రకానిది అని ఆవిడ అడుగుతోంది.

మార్కెట్ యార్డు గేటు దాటగానే పొదల్లోంచి నలభై మంది ప్రభుత్వోద్యోగులు దూకారు.

"సుమ్మాదేవీ, మందసా, బారువా."

ఆవిడ ఆగింది. కోటు వేసుకున్నాయన సంచిని గుండెకు హత్తుకున్నాడు. డప్పులు మోగాయి. ఈటెలు లేచాయి. వీరయ్య సింహం గర్జించింది, రెండోసారి గర్జించబోయి క్యాసెట్టు అవతలి పాటలోకి జారి వెంకటేశ్వరస్వామిని మేలుకొలపసాగింది. గుండిగలో సుదర్శనం చేతులు కట్టేసి ఉన్నా మర్యాద తప్పకూడదని లేచి తలవంచి నమస్కారం చేశాడు, కొన్ని నీళ్లు ఒలికాయి.

అందరికన్నా ముందు నాయకుడి వేషంలో దండాసి. తల మీద నెమలి ఈకలు, నడుముకు ఆకులు, చేతిలో ఈటె. పద్ధతి ప్రకారం అతను ఆవిడ ముందుకెళ్లి మూడుసార్లు గెంతి ఇచ్ఛాపురం అనాలి. గెంతాడు. ఇచ్ఛాపురం మాత్రం నోట్లోంచి రాలేదు. ఇన్ని సినిమాల్లో అతను ఎదురుపడింది ఎప్పుడూ తెల్ల టోపీలకే. ఈ మొహం ఎదురు రావడం మొదటిసారి. ఆ మొహం వాళ్ల పెద్దమేనత్త మొహంలా ఉంది.

నీమా కళ్లజోడు పెట్టుకుని అతన్ని దగ్గరగా చూసింది. చూసి చూసి, కృష్ణమూర్తితో ఏదో చెప్పింది.

"ఏమంటున్నారు?" అన్నారు త్రివిక్రమరావు గారు ఆత్రంగా. "స్వగృహమున ఉన్నట్లు భావిస్తున్నారా?"

"ఈ మనుషుల్ని ముందే చూశానంటున్నారండి," అన్నాడు కృష్ణమూర్తి. "వాళ్లూరి సినిమాహాల్లో. చిన్నప్పుడు మన సినిమాలు హిందీలో వచ్చేవట, వారానికొకటి. అందులో ఈ అడవి జనం ఉండేవారట. అచ్చం ఇవే ఆకులు, ఇవే ఈటెలు. వీళ్లు మన దేశం అడవుల్లో ఉంటారనుకున్నారట."

త్రివిక్రమరావు గారి చిరునవ్వు ఉన్నచోటే ఉండిపోయింది.

నీమా ఇంకా చెబుతోంది, కృష్ణమూర్తి తెలుగు చేస్తున్నాడు. "వాళ్ల నానమ్మకి మనమంటే చాలా జాలట. ఇన్ని పాటలు, ఇన్ని నగలు ఉన్న దేశం, పాపం అడవిలో మాత్రం మనుషుల్ని ఉడకబెట్టేస్తారు అనేదట. వాళ్ల అన్నయ్య చదువుకి బొంబాయి వస్తుంటే మెడ పట్టుకుని ఏడ్చిందట, రైలు దిగకురా అని. ఇప్పుడు ఈవిడ బయల్దేరుతుంటే ఆఫీసులో వాళ్లు అడిగారట, ఆ జాతి ఇంకా ఉందో లేదో కనుక్కు రమ్మని. ఉన్నందుకు సంతోషం, మీ సంప్రదాయం చూపించినందుకు కృతజ్ఞతలు అంటున్నారు."

డప్పులవాళ్లు ఎప్పుడు ఆపారో ఆపేశారు. దండాసి చేతిలో ఈటె బరువెక్కింది. పక్కన త్రివిక్రమరావు గారు, "అవును, అవునని చెప్పండి, మా ప్రాచీన సంప్రదాయమే" అని కృష్ణమూర్తి చెవిలో అంటున్నారు. అలా అనేస్తే గండం గడిచిపోతుంది. పిక్కలూ వస్తాయి. దండాసికి ఆ సంగతి తెలుసు.

"కిష్ణమూర్తి బాబూ, నా మాట సెప్పండి," అన్నాడు. "అమ్మా, ఆ సినిమాలో ఉన్నోణ్ణి నానే. ముందు వరసలో ఎడమ పక్క. అది మా జాతి కాదమ్మా. అలాటి జాతి మాకు లేదు. అది మీరనుకున్నాం."

కృష్ణమూర్తి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

నీమా కళ్లజోడు సర్దుకుంది. తాటాకు గుడిసెల వంక చూసింది. ఈటెల వంక, మసి చెమటకు కారిపోతున్న తొమ్మిది మొహాల వంక, మసి అక్కర్లేని ముప్పై ఒక్క మొహాల వంక చూసింది. గుండిగ దగ్గర చూపు ఆగింది.

"అది కూడా మేమేనా?"

"అదీనమ్మా."

"మరి మీరు అరిచింది ఏ భాష?"

"రైలు స్టేషన్లమ్మా. మా ఊరి లైను."

"ఆ రైలు ఎక్కడికి వెళుతుంది?"

"బరంపురం. ఆపైన కలకత్తా."

ఆవిడ మొహం అప్పటిదాకా బిగుసుకుని ఉంది. అందులో కోపముందో లేదో దండాసికి అంతుపట్టలేదు, ఉన్నా న్యాయమే అనుకున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి తమవాళ్లకు తమ భాషలో రెండు ముక్కలు చెప్పింది. సంచి హత్తుకున్నాయన ముందుగా నవ్వాడు. తరవాత మిగతావాళ్లు. ఆఖరికి ఆవిడకి కూడా నవ్వు ఆగలేదు, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. కాని నవ్వు ఆగాక దండాసితో చెప్పిన మాట నవ్వుతూ చెప్పలేదు.

"మేం బల్లలు చరిచి దొర తరఫున కేకలు వేసేవాళ్లం," అంది. "మీరు చచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టాం. ఎవరూ మాకు చెప్పలేదు."

"మాకూ సెప్పలేదమ్మా," అన్నాడు దండాసి.

తరవాత ఆవిడ గుండిగలో మనిషిని బయటికి తీయమంది, జలుబు చేస్తుందని.

*

అసలు పని ఫ్యాక్టరీలో అయింది, పావుగంటలో. బల్ల మీద ఆవిడ తెచ్చిన నమూనా పిక్కలు పోశారు. కృష్ణమూర్తి కత్తితో ఒక్కొక్కటీ కోసి గింజ నిండుగా ఉందో లేదో చూశాడు, తేమ చూశాడు. చామంతి వంటి నలుగురు పాత పనివాళ్లను పిలిపించి చూపించారు. చామంతి ఒక పప్పు వేళ్ల మధ్య నలిపి, "ఇది మన దాని కన్నా తొందరగా పొట్టు ఇడుస్తాది" అంది. నీమా ఆమె చేతి వేళ్లు పట్టుకు చూసింది. జీడి నూనెకు నల్లబడి, పొక్కి మానిన వేళ్లు. తన తల్లివీ ఇలాగే ఉండేవని, చేతులకు తొడుగులు ఇవ్వాలన్న షరతు కాగితంలో చేర్చమని చెప్పి, దాని కింద సంతకం పెట్టింది. ఆ షరతు కృష్ణమూర్తికి అంతగా రుచించలేదు, కాని ఓడ కళ్లముందు కనపడుతోంది.

మూడు వారాలకు ఓడ వచ్చింది, బాయిలర్లు అంటుకున్నాయి.

త్రివిక్రమరావు గారి నివేదిక ముప్పై నాలుగు పేజీలు. ఒప్పందం పూర్తిగా వాతావరణ కల్పన వల్లే కుదిరిందని, అతిథులు ఆనందబాష్పాలు రాల్చారని, అందుకు ఫోటో సాక్ష్యమున్నదని అందులో రాశారు. పై ఆఫీసు మెచ్చుకుంది. జీడివలస నమూనాను అన్ని జిల్లాల్లోనూ అమలు చేయాలని కొత్త సర్క్యులర్ వచ్చింది. అతిథులు ఒక అడవి జాతిపై ఆసక్తి కనబరిచినందున ఆ జాతిని గుర్తించి జనాభా వివరాలు పంపాలని గిరిజన సంక్షేమానికి వేరే ఫైలు వెళ్లింది. అది ఇప్పటికీ తిరుగుతోంది. ఇద్దరు సర్వేయర్లు జీపులో కొండలెక్కి దిగారు, ఒకరికి మలేరియా వచ్చింది.

నెల తిరగ్గానే త్రివిక్రమరావు గారే స్వయంగా బస్టాండుకు వచ్చారు. ఈసారి పదోన్నతి మీద ఉన్నారు. దండాసి సైకిలు చక్రం విప్పుతున్నవాడు లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, కూర్చోండి," అన్నారాయన. "వచ్చే నెల ఫిన్లాండు నుంచి ఎనిమిది మంది వస్తున్నారు, చేపల శుద్ధి కర్మాగారం చూడడానికి. చాలా చల్లటి దేశం. మంచు, తెల్లటి ఎలుగుబంట్లు. ఐసు ఫ్యాక్టరీ వారితో మాట్లాడాను. సలహాదారుగా మీరే ఉండాలి. మీరు మంచు సినిమాల్లో కూడా చేసే ఉంటారుగా?"

"సెయ్యలేదు బాబూ."

"ఒక్కటి కూడానా?"

"మమ్మల్ని తీసుకునీవోరు కారండి," అన్నాడు దండాసి, చక్రాన్ని మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ. "ఆటికి మనుషుల్లాగ కనపడీవోళ్లు కావాల."

త్రివిక్రమరావు గారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట జాగ్రత్తగా రాసుకున్నారు. రాసి, కింద గీత గీసి, అలాంటివాళ్లు మన సిబ్బందిలో ఎంతమంది ఉంటారని అడిగారు.